వైఫై కీ నొక్కితే పని ఎవరు చేయాలి?

అనంతపురంలో వాడిన ల్యాప్‌టాప్ కొనే విద్యార్థికి ఎక్కువగా దొరికేది బెంగళూరు కంపెనీలు వదిలించుకున్న యంత్రమే. కొన్నేళ్లు ఆఫీసులో పనిచేసి, 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా అట్టపెట్టెల్లో వచ్చి మా సుభాష్ రోడ్డు దుకాణంలో దిగుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే దాదాపుగా ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసరు అయినా ఉండాలి. అంతకన్నా పాతవాటికి నేను లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తాను. తెర వెలుతురు, శబ్దం, టచ్‌ప్యాడ్ వంటివన్నీ మొదటి రోజే పనిచేస్తాయి. తిరిగి దుకాణానికి రప్పించేది యాంటెన్నా బొమ్మో విమానం బొమ్మో ఉన్న ఆ ఒక్క కీ.

ఫిర్యాదులు మూడు రకాలు. "అక్కా, నొక్కితే ఏమీ కావడం లేదు." "అక్కా, ఒకసారి నొక్కితే వైఫై పోతుంది, వెంటనే దానంతట అదే వస్తుంది." మూడోది కొంచెం భయపడుతూ చెబుతారు: "స్విచ్చుతో ఆపేశారని చూపిస్తోంది. కానీ దీనికి ఎక్కడా స్విచ్చు లేదు."

మూడింటికీ నేను ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను. కీ నొక్కినప్పుడు రేడియోను ఆపే బాధ్యత ఎవరిది? ఫర్మ్‌వేర్‌దా (మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రాము), కెర్నెల్‌దా (లినక్స్ గుండెకాయ), డెస్క్‌టాప్‌దా (మన కళ్లకు కనిపించే తెర, మెనూలు)? ఆ ముగ్గురిలో ఒక్కరే చేయాలి. ఎవరూ చేయకపోతే మొదటి ఫిర్యాదు. ఇద్దరు చేస్తే రెండోది. లేని స్విచ్చు ఉందని డ్రైవరు, అంటే హార్డ్‌వేరుతో మాట్లాడే కెర్నెల్ భాగం, నమ్మితే మూడోది. ఇది తేల్చకుండా దొరికిన చిట్కా అల్లా ప్రయోగిస్తే ఒక జబ్బు పోయి ఇంకొకటి వస్తుంది.

ఆ కీ వెనక ఉన్నది

చాలా పాత యంత్రాల అంచున జారే స్విచ్చు ఉండేది. దాని తీగ వైఫై కార్డు దాకా వెళ్తుంది. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుల్లో 20వ పిన్ను, ఆ తర్వాత వచ్చిన ఎం.2 వైఫై కార్డుల్లో 56వ పిన్ను ఈ పనికే కేటాయించారు. ఆ పిన్ను మీద వోల్టేజీని కిందికి లాగితే రేడియో ఆగుతుంది. ఏ సాఫ్ట్‌వేరు ఎంత బతిమాలినా మళ్లీ మొదలవదు.

రెండో రకంలో స్విచ్చు బదులు కీ ఉంటుంది, కానీ దాన్ని చూసేది మదర్‌బోర్డు మీది ఎంబెడెడ్ కంట్రోలరు అనే చిన్న చిప్పు. అదే రేడియోను ఆపేసి, ఆపిన సంగతి తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెబుతుంది. కొన్ని మోడళ్లలో అదీ చెప్పదు.

మూడో రకం 2012లో విండోస్ 8తో ఎయిర్‌ప్లేన్ మోడ్ వచ్చాక పెరిగింది. ఇక్కడ కీ కేవలం కీ. నొక్కారన్న కబురు పంపి ఊరుకుంటుంది. ఆపడం, వెలిగించడం అంతా ఆపరేటింగ్ సిస్టమ్ తలనొప్పి.

ఒకే కంపెనీ ఒకే వరుస మోడళ్లలోనే ఈ మూడూ కనిపిస్తాయి. కాబట్టి "ఫలానా కంపెనీ అయితే ఇలా చేయండి" అనే సలహాను నేను సగమే నమ్ముతాను.

కెర్నెల్‌లో ఈ లెక్కంతా చూసే భాగం పేరు ఆర్‌ఎఫ్‌కిల్. 2007లో 2.6.22 వెర్షన్‌తో వచ్చింది, 2009లో 2.6.31కి వచ్చేసరికి కొత్తగా తిరగరాశారు. ప్రతి రేడియోకూ అది రెండు స్థితులు పెట్టుకుంటుంది: సాఫ్ట్ బ్లాక్, హార్డ్ బ్లాక్. మన పొలాల్లో బోరు మోటారు చూసినవారికి ఇది చెప్పనక్కర్లేదు. స్టార్టరు పెట్టెలో ఎర్ర బటను నొక్కి ఆపితే పచ్చ బటనుతో మళ్లీ తిప్పొచ్చు; స్తంభం మీద ఫ్యూజు పీకేసి ఉంటే పచ్చ బటను ఎన్నిసార్లు నొక్కినా మోటారు కదలదు. సాఫ్ట్ బ్లాక్ మన చేతిలోది. హార్డ్ బ్లాక్‌ను సాఫ్ట్‌వేరు చదవగలదే తప్ప ఎత్తలేదు.

కీ మాట ఎవరు వింటున్నారు

రేడియో స్థితి ఒక దారిలో, కీ నొక్కిన కబురు ఇంకో దారిలో నడుస్తాయి. గందరగోళానికి మూలం ఇదే. కీ కబురు ఇన్‌పుట్ ఈవెంట్‌గా వస్తుంది. వైఫై ఒక్కదాని కీకి 238, బ్లూటూత్‌కు 237, అన్ని రేడియోలకూ కలిపి ఉన్నదానికి 247 అనే కీకోడ్లు ఉన్నాయి. జారే స్విచ్చుకు కీకోడు కాకుండా వేరే స్విచ్ ఈవెంట్ ఉంది. 247 ఎంపికలో చిన్న తమాషా ఉంది: తెరను, కీబోర్డును చూసుకునే పాత ఎక్స్ సర్వరు ప్రతి కీకోడుకూ 8 కలిపి చూస్తుంది, 255 దాటితే దానికి కనబడదు. 247కి 8 కలిపితే సరిగ్గా 255. మైకును ఆపే కీకి 248 ఇచ్చారు, అది గీత దాటి పోయింది.

ఈ ఈవెంట్లను వినడానికి కెర్నెల్‌లోనే ఒక భాగం ఉంది. 238 వస్తే వైఫై సాఫ్ట్ బ్లాక్‌ను తిరగేస్తుంది, 237 వస్తే బ్లూటూత్‌ను, 247 వస్తే అన్నింటినీ. వరుస నొక్కుళ్ల మధ్య 200 మిల్లీసెకన్ల ఎడం కూడా పాటిస్తుంది. కెర్నెల్ పత్రాల్లో దీన్ని కాలం చెల్లినదిగా రాశారు. విధానం తేల్చే పని యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నెల్ బయట నడిచే ప్రోగ్రాములకు, మారుతోందని పక్కనే చెప్పారు. అలా రాసి ఏళ్లు గడిచినా అది ఇంకా అక్కడే కూర్చుని, ఇంకెవరూ పట్టించుకోని యంత్రాల్లో కీని పనిచేయిస్తోంది. నాకైతే అది పోకూడదనే ఉంది. డెస్క్‌టాప్ లేని యంత్రానికి కూడా పనిచేసే కీ కావాలి.

ఇక డెస్క్‌టాప్ సంగతి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌లో నేపథ్యాన నడిచే ఒక సేవ, డెవ్ డైరెక్టరీలోని ఆర్‌ఎఫ్‌కిల్ ఫైలును తెరిచి "ఇన్‌పుట్ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు వదిలెయ్" అని కెర్నెల్‌కు ఒక ఐఓక్టల్ పిలుపుతో (ప్రోగ్రాము కెర్నెల్‌కు నేరుగా ఇచ్చే ఆదేశం) చెబుతుంది. ఆ ఫైలు తెరిచి ఉన్నంతసేపూ కెర్నెల్ లోపలి భాగం కీల జోలికి రాదు. ఫైలు మూసుకుంటే, అంటే ఆ సేవ ఆగిపోతే, కెర్నెల్ తిరిగి పగ్గాలు తీసుకుంటుంది. పద్ధతిగా అప్పగించడం అంటే ఇలా ఉండాలి.

అయితే ఇద్దరి విధానమూ ఒకటి కాదు. కెర్నెల్ 238ని వైఫైకే పరిమితం చేస్తుంది. గ్నోమ్ మాత్రం అదే కీని ఎయిర్‌ప్లేన్ మోడ్‌గా తీసుకుంటుంది, అంటే బ్లూటూత్ కూడా పోతుంది. ధర్మవరం నుంచి వచ్చిన ఒక చీరల వ్యాపారి "వైఫై ఆపితే మౌసు కూడా చచ్చిపోతోందమ్మా, ఇది ఎక్కడి చోద్యం" అని యంత్రం బల్ల మీద పెట్టారు. ఆయన మౌసు బ్లూటూత్‌ది. చెడిపోయింది ఏదీ లేదు. సెట్టింగుల్లో ఇంకో కీకి వైఫై ఒక్కదాన్నే ఆపే ఆదేశం జోడించి ఇచ్చాను.

పరీక్ష

ముందుగా టెర్మినల్‌లో ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అని కొట్టండి. ఈ కమాండు 2017 నుంచి యుటిల్ లినక్స్ ప్యాకేజీలో భాగం, చాలా లినక్స్ పంపిణీల్లో ముందే ఉంటుంది. ఒక్క వైఫై ఉన్న యంత్రంలో వైఫైకి రెండు వరుసలు కనబడితే కంగారు పడకండి. ఫై0 అనేది కార్డు డ్రైవరు పెట్టినది. హెచ్‌పీ వైఫై, డెల్ వైఫై, ఐడియాప్యాడ్ డబ్ల్యుల్యాన్, ఏసుస్ డబ్ల్యుల్యాన్ వంటి పేర్లున్నది ల్యాప్‌టాప్ సొంత డ్రైవరు పెట్టినది. కార్డు గురించి కార్డు చెప్పేది ఒకటి, దాని గురించి మదర్‌బోర్డు చెప్పేది ఇంకొకటి. ఏ వరుసలో బ్లాక్ ఉందో కాగితం మీద రాసుకోండి, తర్వాత అవసరమవుతుంది. వరుస సంఖ్యల మీద మాత్రం ఆధారపడకండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో బ్లూటూత్ ఆపితే ఆ పరికరమే యూఎస్‌బీ నుంచి మాయమై, తిరిగి వచ్చేటప్పుడు కొత్త సంఖ్యతో వస్తుంది.

తర్వాత రెండు టెర్మినళ్లు పక్కపక్కన తెరవండి. ఒకదానిలో ఆర్‌ఎఫ్‌కిల్ ఈవెంట్ అని నడపండి; రేడియో స్థితి మారినప్పుడల్లా ఒక వరుస రాస్తుంది. రెండోదానిలో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఈవీటెస్ట్ నడపండి; అది పరికరాల జాబితా చూపి ఏది వినాలో అడుగుతుంది. ఇక్కడ చాలామంది మామూలు కీబోర్డు ఎంచుకుని "కీ రావడం లేదు" అని తేల్చేస్తారు. వైఫై కీ తరచూ కీబోర్డు నుంచి రాదు. హెచ్‌పీ వైర్‌లెస్ హాట్‌కీస్, ఇంటెల్ హిడ్ ఈవెంట్స్, థింక్‌ప్యాడ్ ఎక్స్‌ట్రా బటన్స్, ఏసుస్ డబ్ల్యూఎంఐ హాట్‌కీస్ వంటి విడి పరికరం నుంచి వస్తుంది. ఏది తెలియకపోతే లిబ్‌ఇన్‌పుట్ డీబగ్ ఈవెంట్స్ నడపండి, అది అన్నింటినీ ఒకేసారి వింటుంది.

ఇప్పుడు కీని ఒక్కసారి నొక్కి వదిలి చూడండి.

కీ ఈవెంట్ వచ్చి, రేడియో స్థితి మారకపోతే కబురు వచ్చింది, వినేవారు లేరు. డెస్క్‌టాప్ ఐఓక్టల్ పట్టుకుని కూర్చుని తానేమీ చేయకపోయినా ఇలాగే ఉంటుంది. రేడియో స్థితి మారి, కీ ఈవెంట్ ఏదీ రాకపోతే ఫర్మ్‌వేర్ తన పని తాను చేసుకుంది. ఇది జబ్బు కాదు, దీనికి మందు వేయకండి. రెండూ వచ్చి, స్థితి రెండుసార్లు మారితే ఇద్దరు పని చేస్తున్నారు. రెండూ రాకపోతే ఆ కీని ఎవరూ గుర్తుపట్టలేదు. దాని సంగతి కిందికి వచ్చేసరికి చెబుతాను.

ఇద్దరు చేస్తున్నారని తేలితే ఆ ఇద్దరెవరో తెలియాలి. ఇక్కడ నాకు బాగా పనికొచ్చేది ఈవీటెస్ట్‌లోని గ్రాబ్ అనే ఎంపిక. దాన్ని పెట్టి నడిపితే ఆ పరికరపు ఈవెంట్లన్నీ ఈవీటెస్ట్‌కే వెళ్తాయి. డెస్క్‌టాప్‌కూ వెళ్లవు, కెర్నెల్ లోపలి ఆర్‌ఎఫ్‌కిల్ భాగానికీ వెళ్లవు. అలా గ్రాబ్ చేసి ఉంచి కీ నొక్కినప్పుడు కూడా రేడియో ఆగిందంటే, ఆపింది ఫర్మ్‌వేర్ లేదా నేరుగా ల్యాప్‌టాప్ డ్రైవరు. ఆగకపోతే ఆ ఇద్దరూ నిర్దోషులు. మామూలు కీబోర్డును గ్రాబ్ చేసేటప్పుడు జాగ్రత్త, కంట్రోల్ సీ కూడా టెర్మినల్‌కు చేరదు. ముందు టైమ్‌అవుట్ అనే కమాండు తగిలించి, ఇరవై సెకన్లకు దానంతట అదే ఆగేలా నడపండి.

డెస్క్‌టాప్‌ను కెర్నెల్ నుంచి విడదీయాలంటే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3తో నల్ల తెరకు వెళ్తే సరిపోదు. గ్నోమ్ సేవ వెనక బతికే ఉంటుంది, లాగిన్ తెర కూడా తన కాపీ ఒకటి నడుపుతుంది. యంత్రం వెలిగేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో కెర్నెల్ వరుస చివర మల్టీ యూజర్ టార్గెట్ రాసి, డెస్క్‌టాప్ లేకుండానే బూట్ చేయండి. అక్కడ కీ ఒక నొక్కుకు ఒకసారే పనిచేస్తే, అదనపు చేయి డెస్క్‌టాప్‌దే.

గ్రబ్ మెనూ దగ్గరే ఆగి కీ నొక్కి, వైఫై దీపం మారుతుందేమో చూడటం ఇంకో చిట్కా. ఆ క్షణంలో కెర్నెల్ ఇంకా మెమరీలోకి రాలేదు కనుక దీపం మారితే అది ఫర్మ్‌వేర్ పనే. మారకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడుకునే ఏసీపీఐ ద్వారా చాలా బయోస్‌లు "ఏ విండోస్ నడుస్తోంది" అని అడిగి, వచ్చిన జవాబును బట్టి కీ ప్రవర్తన మారుస్తాయి. లినక్స్ "ఆ విండోస్ నేనే" అని జవాబు చెబుతుంది. ఆ జవాబును మార్చే బూట్ ఎంపిక ఒకటుంది, దాన్ని తీర్థంలా పంచేవారున్నారు. వైఫై కీ కోసం ఆ జవాబు మారిస్తే తెర వెలుతురు, నిద్ర, ఫ్యాను ఏది ఎటు పోతుందో చెప్పలేం. నేను దాన్ని ముట్టుకోను.

రెండుసార్లు తిరిగే కీ

దీనికి తరచూ కనిపించే కారణం మనం చేతులారా పెట్టుకున్న షార్ట్‌కట్. ఐ3, స్వే వంటి తేలికపాటి విండో మేనేజర్లు వాడే ఇంజినీరింగ్ విద్యార్థులు తమ కాన్ఫిగ్‌లో వైఫై కీకి ఆర్‌ఎఫ్‌కిల్ టాగిల్ అని రాసుకుంటారు. ఆ విండో మేనేజరు ఐఓక్టల్ పెట్టదు కాబట్టి కెర్నెల్ భాగం మేలుకునే ఉంటుంది. కీ నొక్కగానే కెర్నెల్ ఆపుతుంది, వెనకే వచ్చిన ఆదేశం మళ్లీ వెలిగిస్తుంది. ఆ వరుసను కాన్ఫిగ్ నుంచి తీసేయడమే మందు. బార్‌లో బొమ్మ మారాలంటే ఆర్‌ఎఫ్‌కిల్ ఈవెంట్‌ను చదివే చిన్న స్క్రిప్టు రాయండి. స్థితిని చూసి చెప్పాలి, స్థితిని మార్చకూడదు.

లేదు, విధానం నా ఇష్టప్రకారమే ఉండాలి అంటే గ్నోమ్ చేసినట్టే చేయండి. పైథాన్‌లో నాలుగు వరుసల పని: ఆర్‌ఎఫ్‌కిల్ ఫైలు తెరిచి, దాని మీద 0ఎక్స్5201 అనే ఐఓక్టల్ పిలిచి, ఫైలు మూయకుండా నిద్రపోవాలి. సెషన్‌తోపాటు మొదలయ్యే సేవగా దాన్ని పెట్టండి. అప్పుడు మీ షార్ట్‌కట్ ఒక్కటే మిగులుతుంది, వైఫై ఒక్కటే ఆపాలో బ్లూటూత్‌ను వదిలేయాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

రెండో కారణం ఒకే నొక్కును రెండు డ్రైవర్లు మోయడం. కొన్ని హెచ్‌పీ యంత్రాల్లో ఇంటెల్ హిడ్ పరికరమూ, హెచ్‌పీ వైర్‌లెస్ పరికరమూ ఒకే కీకి చెరొక 247 పంపేవి. దీనికి కెర్నెల్‌లో కోత పెట్టలేదు. పరికరాలను గుర్తించి సర్దే యూడెవ్ వాడే హార్డ్‌వేర్ డేటాబేసులో, హెచ్‌పీ యంత్రాలపై ఇంటెల్ హిడ్ పంపే 08 స్కాన్‌కోడును (హార్డ్‌వేరు పంపే కీ సంఖ్య) అన్‌నోన్‌గా మార్చే ఒక నమోదు చేర్చారు. ఒక చిన్న టెక్స్ట్ వరుసతో పని అయిపోయింది, కెర్నెల్ కంపైల్ అక్కర్లేదు. ఈవీటెస్ట్‌లో రెండు పరికరాల నుంచీ కబురు వస్తోందని మీరు చూస్తే, మీ యంత్రానికీ ఇదే దారి.

మూడో కారణం: ఫర్మ్‌వేర్ ఆపడమూ చేసి, కీ కబురు కూడా పంపడం. ఇదీ అంతే, కబురును అన్‌నోన్‌గా మార్చండి. ఏసుస్ పాత నోట్‌బుక్‌లలో మాత్రం ఇంకా మంచి దారి ఉంది. ఏసుస్ ఎన్‌బీ డబ్ల్యూఎంఐ మాడ్యూలుకు (కెర్నెల్‌లోకి ఎక్కించే డ్రైవరు ముక్క) వాప్ఫ్ అనే పారామీటరు ఉంది. 0 అంటే బ్లూటూత్, వైఫై రెండింటినీ హార్డ్‌వేరే చూసుకుంటుంది. 1 అంటే వైఫై సాఫ్ట్‌వేరుకు, బ్లూటూత్ హార్డ్‌వేరుకు. 4 అంటే రెండూ సాఫ్ట్‌వేరుకు. ఈ విలువల అర్థం పూర్తిగా తేలలేదని, ఎక్కువగా ఇలాగే ఉంటుందని డ్రైవరు రాసినవారే వ్యాఖ్యలో ఒప్పుకున్నారు. మోడ్‌ప్రోబ్ డీ డైరెక్టరీలో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి 4తో మొదలుపెట్టండి, కుదరకపోతే 1. మార్చిన తర్వాత రీస్టార్ట్ కాకుండా పూర్తిగా ఆపి మళ్లీ వెలిగించండి. ఎంబెడెడ్ కంట్రోలరు రీస్టార్ట్‌లో పాత స్థితిని వదలకపోవచ్చు.

గుర్తుపట్టని కీ

ఈవీటెస్ట్‌లో గానీ ఆర్‌ఎఫ్‌కిల్‌లో గానీ ఉలుకూ పలుకూ లేకపోతే డీమెసేజ్, అంటే కెర్నెల్ లాగ్, చూడండి. కీబోర్డు డ్రైవరు ఫలానా కోడున్న తెలియని కీ నొక్కారని ఫిర్యాదు రాసి ఉంటే అదృష్టవంతులు. ఆ కోడు తీసుకుని ఈటీసీ కింద యూడెవ్, దాని కింద హెచ్‌డబ్ల్యూడీబీ డీ డైరెక్టరీలో 90తో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు రాయండి. మొదటి వరుసలో మీ యంత్రపు కంపెనీ, మోడలు గుర్తింపు. రెండో వరుస మొదట ఒక స్పేసు వదిలి స్కాన్‌కోడు, దానికి సమాన చిహ్నం తర్వాత డబ్ల్యుల్యాన్. నమూనా కోసం యూఎస్‌ఆర్ లిబ్ కింద ఉన్న 60 కీబోర్డ్ ఫైలు తెరిచి మీ కంపెనీ వరుసలు చూడండి, వెర్షన్లు మారినా ఆ ఫైలే సరైన గురువు. కానీ అందులో మార్పులు చేయకండి, తర్వాతి అప్‌డేట్‌లో కొట్టుకుపోతాయి. తర్వాత సిస్టమ్‌డీ హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్, ఆపైన యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్.

కొన్ని కీలు నొక్కిన కబురు పంపుతాయి, వదిలిన కబురు పంపవు. అప్పుడు కీ నొక్కుకుని ఉండిపోయినట్టు సిస్టమ్ అనుకుంటుంది, రెండోసారి పనిచేయదు. డబ్ల్యుల్యాన్ అన్న పదానికి ముందు ఆశ్చర్యార్థకం పెడితే, వదిలిన కబురును కెర్నెలే పుట్టిస్తుంది.

డీమెసేజ్‌లోనూ ఏమీ లేకపోతే, ఆ కీ కీబోర్డు దారిలో కాకుండా ఏసీపీఐ దారిలో వస్తోంది, దాన్ని అందుకునే మాడ్యూలు ఎక్కలేదు. ఎక్కిన మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్‌లో హెచ్‌పీకి హెచ్‌పీ డబ్ల్యూఎంఐ, వైర్‌లెస్ హాట్‌కీ. డెల్‌కు డెల్ ఆర్‌బీటీఎన్. చాలా కొత్తవాటికి ఇంటెల్ హిడ్ ఉన్నాయేమో చూడండి. పాత చిట్కా ఏదో చదివి ఎవరో వాటిని బ్లాక్‌లిస్టులో (ఎక్కించకూడని మాడ్యూళ్ల జాబితా) పెట్టి ఉంటారు. మా దుకాణానికి వచ్చే "పనిచేయని కీ"లలో ఇలాంటివి తక్కువేమీ కాదు.

లేని స్విచ్చు

హార్డ్ బ్లాక్ అని చూపిస్తే, ముందు రాసుకున్న కాగితం తీయండి. ఆ ముద్ర ఫై0 వరుసలో ఉంటే కార్డు పిన్ను నిజంగానే కిందికి లాగి ఉంది. ఇంటెల్ కార్డయితే డీమెసేజ్‌లో ఆర్‌ఎఫ్ కిల్ బిట్ మారిందన్న వరుస కూడా కనబడుతుంది. అప్పుడు యంత్రం చుట్టూ స్విచ్చు కోసం వెతకండి, డెల్ లాటిట్యూడ్‌ల పక్క అంచున చిన్నది ఉండటం అందరికీ తెలియదు. తర్వాత బయోస్‌లోకి వెళ్లి వైర్‌లెస్ స్విచ్చు ఏ రేడియోలను శాసిస్తుందో చూడండి. హెచ్‌పీ ఆఫీసు మోడళ్లలో నెట్‌వర్కు తీగ గుచ్చగానే వైఫై ఆపే ఎంపిక వేరుగా ఉంటుంది. కంపెనీలు దాన్ని వేసి పంపుతాయి, ఇంట్లో తీగ గుచ్చినవారు కీ చెడిందనుకుంటారు.

ముద్ర ఫై0లో లేకుండా ల్యాప్‌టాప్ డ్రైవరు వరుసలో మాత్రమే ఉంటే కథ వేరు. రేడియో బాగానే ఉంది, డ్రైవరు పొరబడింది. కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజరు ఆ డ్రైవరు మాట నమ్మి వైఫై వెలిగించనంటుంది. ఐడబ్ల్యూ కమాండుతో నేరుగా స్కాన్ చేసి చూడండి. చుట్టుపక్కల పేర్లు కనబడితే తప్పు ఎక్కడుందో రుజువైనట్టే. ఐడియాప్యాడ్, యోగా మోడళ్లలో ఇది పేరుమోసిన సమస్య. ఐడియాప్యాడ్ ల్యాప్‌టాప్ డ్రైవరు పాత కెర్నెళ్లలో స్విచ్చు లేని మోడళ్ల పట్టిక ఒకటి మోసేది. పట్టికలో లేనిదానికి స్విచ్చు ఉందనుకునేది. పట్టిక పెరిగి పెరిగి, చివరికి ఆ లెక్కనే తిరగేశారు. కొత్త కెర్నెల్ వేస్తే చాలాసార్లు సమస్య దానంతట అదే పోతుంది.

అందరూ చెప్పే మందు మాత్రం ఆ మాడ్యూలును బ్లాక్‌లిస్టు చేయడం. పనిచేస్తుంది, కాదనను. కానీ బ్యాటరీని పూర్తిగా నింపకుండా ఆపే కన్జర్వేషన్ మోడ్ కూడా అదే డ్రైవరులో ఉంది. మే నెల అనంతపురం వేడిలో, రోజంతా ఛార్జరుకు తగిలించి ఉంచే హాస్టల్ ల్యాప్‌టాప్‌కు ఆ సదుపాయం వైఫై కీకన్నా విలువైనది. కీ కోసం బ్యాటరీని ఉబ్బించుకోవడం ఏం లెక్క? ఏసర్ డబ్ల్యూఎంఐ విషయంలోనూ ముందు ఆ మాడ్యూలు ఇంకేం చేస్తోందో మోడ్‌ఇన్ఫోతో చూసి, తర్వాతే తీసేయండి. నేనైతే కొత్త కెర్నెల్, బయోస్ అప్‌డేట్, హార్డ్‌వేర్ డేటాబేసు, ఈ మూడూ విఫలమయ్యాకే బ్లాక్‌లిస్టు దాకా వెళ్తాను.

కార్డు 20వ పిన్నుకు టేపు అంటించే పాత విద్య గురించి అడిగేవారు ఇంకా ఉన్నారు. స్విచ్చు విరిగిపోయిన పాత మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ యంత్రానికి అది న్యాయమే. ఎం.2లో పిన్నులు మరీ సన్నం. పక్కదాని మీదికి టేపు జారితే కార్డే కనబడదు.

రీబూట్ తర్వాత మారే స్థితి

నిన్న వైఫై ఆపి మూసిన యంత్రం ఈ రోజు వైఫై లేకుండానే లేస్తే కీని అనుమానించకండి. బూట్‌లో సేవలన్నింటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీలోని ఆర్‌ఎఫ్‌కిల్ సేవ ప్రతి రేడియో సాఫ్ట్ బ్లాక్‌ను వార్ లిబ్ కింద రాసుకుని, బూట్‌లో తిరిగి పెడుతుంది. నెట్‌వర్క్ మేనేజరుకు తన సొంత స్థితి ఫైలు వేరే ఉంది. అందుకే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అంతా తెరిచి ఉందని చెబుతున్నా వైఫై రాకపోతే ఎన్ఎంసీఎల్ఐ రేడియో అని కొట్టి చూడండి. హార్డ్‌వేరు స్థితినీ, తన స్థితినీ విడివిడిగా చూపిస్తుంది. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ వాడి రేడియోలను దానికి అప్పగించేవారు సిస్టమ్‌డీ సేవను, దాని సాకెట్‌ను రెండింటినీ మాస్క్ చేయాలి, అంటే మొదలవకుండా కట్టేయాలి. లేకపోతే బూట్‌లో ఇద్దరూ పోటీ పడతారు.

జారే స్విచ్చు ఉన్న యంత్రాలకు ఒక చిన్న మాట. ఆర్‌ఎఫ్‌కిల్ మాడ్యూలుకు మాస్టర్ స్విచ్ మోడ్ అనే పారామీటరు ఉంది. 1 పెడితే, స్విచ్చును తిరిగి వెలిగించినప్పుడు ఆపకముందు ఏది ఎలా ఉందో అలాగే వస్తుంది. 2 అయితే అన్నీ వెలుగుతాయి. బ్లూటూత్‌ను ఎప్పుడూ ఆపి ఉంచేవారికి 1 నయం. గ్నోమ్ పగ్గాలు పట్టుకుని ఉన్నప్పుడు ఇది వర్తించదు.

డ్రైవరు రాసేవారికి

జేఎన్‌టీయూలో కెర్నెల్ ప్రాజెక్టు చేస్తున్న కుర్రవాడు ఒకరు తన ల్యాప్‌టాప్ కీ కోసం మాడ్యూలు రాసి తెచ్చాడు. కీ నొక్కగానే మాడ్యూలే కార్డును ఆపుతోంది, 238 కూడా పంపుతోంది. "రెండూ చేస్తే గట్టిగా ఉంటుంది కదా అక్కా" అన్నాడు. ఎక్కువ చేతులు పడితే గట్టిదనం వస్తుందన్న నమ్మకం ఇంజినీరింగ్‌లో ఎక్కడి నుంచి వస్తుందో గానీ, చాలామందిలో ఉంది.

ఫర్మ్‌వేర్ అప్పటికే రేడియోను ఆపేసి ఉంటే డ్రైవరు ఆ మారిన స్థితిని ఆర్‌ఎఫ్‌కిల్‌కు చెప్పాలి, కీ ఈవెంట్ పంపకూడదు. చెప్పే ఫంక్షన్లు రెండు: సాఫ్ట్‌వేరుతో తిరిగి ఎత్తగలదయితే సాఫ్ట్ స్థితికి ఒకటి, ఎత్తలేనిదయితే హార్డ్ స్థితికి ఇంకొకటి. డ్రైవరు వాడే కీల పట్టిక అయిన స్పార్స్ కీమ్యాప్‌లో ఆ కోడుకు కేఈ ఇగ్నోర్ అని పెడితే, లాగ్‌లో తెలియని కీ అన్న గోల కూడా ఉండదు. ఫర్మ్‌వేర్ ఏమీ చేయకపోతే డ్రైవరు కీ ఈవెంట్ మాత్రం పంపాలి, రేడియో జోలికి పోకూడదు. ఆ కీ వైఫైనా, ఎయిర్‌ప్లేన్ మోడా, బ్లూటూత్‌ను వదలాలా అన్నవి యంత్రం వాడే మనిషి ఇష్టం మీద ఆధారపడే సంగతులు. కెర్నెల్‌లో వాటికి జవాబు రాసి పెడితే మార్చుకోవడానికి ఎవరికీ వీలుండదు.

డెల్ ఆర్‌బీటీఎన్ డ్రైవరును చదవమని చెప్పాను. చిన్నది, ఒక పూటలో చదవొచ్చు. బటను ఏ రకమో ఫర్మ్‌వేర్‌నే అడుగుతుంది. నొక్కుడు బటనైతే ఇన్‌పుట్ పరికరం నమోదు చేసి 247 పంపుతుంది. జారే స్విచ్చయితే ఇన్‌పుట్ ఊసే లేకుండా ఆర్‌ఎఫ్‌కిల్ పరికరం నమోదు చేసి హార్డ్ స్థితి చెబుతుంది. కుర్రవాడు తన మాడ్యూల్లోంచి కార్డును ఆపే వరుసలు కొట్టేసి, గ్రాబ్ పెట్టి మళ్లీ పరీక్షించాడు. రేడియో కదల్లేదు. గ్రాబ్ తీసి నొక్కితే ఒక్కసారే ఆగింది.